ఫోర్‌ట్వంటీకి పదవీ విరమణ

మా అమ్మమ్మ బడి గడప తొక్కలేదు గాని, శిక్షాస్మృతిలో ఒక సెక్షను మాత్రం ఆవిడకు నోటికొచ్చు. పాలలో నీళ్లు కలిపినవాడు ఫోర్‌ట్వంటీ. తూకంలో నొక్కేసినవాడు ఫోర్‌ట్వంటీ. కడుపునొప్పని బడి ఎగ్గొట్టి గంటకల్లా గోలీలాడుతూ దొరికిన మనవడూ ఫోర్‌ట్వంటీ గాడే. కాకపోతే వాడి దగ్గరికొచ్చేసరికి ఆ మాటలో కాస్త మురిపెం కలిసేది.

మెకాలే దొర పెద్దరికంలో చిత్తుప్రతి తయారై, 1860లో చట్టమైన ఆ స్మృతిలో 511 సెక్షన్లు. జనం గుర్తుపెట్టుకున్నవి రెండే: హత్యకు 302, మోసానికి 420. రెండోదాన్ని హైదరాబాదు ‘చార్‌సౌబీస్’ చేసుకుంది. 1955లో రాజ్ కపూర్ దాని ముందు ‘శ్రీ’ తగిలించి సినిమా తీస్తే, మోసానికి మర్యాద కూడా దక్కింది.

అలాంటి అంకెను 2024 జూలై 1న ఇంటికి పంపేశారు. కొత్తగా వచ్చిన భారతీయ న్యాయ సంహిత 358తోనే ఆగిపోయింది. 420 అనే సెక్షనే అందులో లేదు. మన పాత ఫోర్‌ట్వంటీ ఇప్పుడు 318లో నాలుగో ఉపసెక్షను. శిక్ష మాత్రం మారలేదు: ఏడేళ్ల దాకా జైలు, పైన జరిమానా.

నా బాధ శిక్ష గురించి కాదు, తిట్టు గురించి. తిట్టుకు విసురుండాలి. “ఒరేయ్ మూడొందల పద్ధెనిమిది బ్రాకెట్లో నాలుగూ!” అని పూర్తిచేసేలోపు వాడు సందు దాటేస్తాడు. పైగా తేదీ కూడా చూసుకోవాలి. జూన్ 30 దాకా టోపీ పెట్టినవాడు పాత చట్టం కిందే అసలు సిసలు ఫోర్‌ట్వంటీ. మర్నాడు పెట్టినవాణ్ణి అలా పిలిస్తే సాంకేతికంగా చెల్లదు.

అసలు చట్టానికి మా అమ్మమ్మంత విశాల హృదయం ఎప్పుడూ లేదు. ఉత్త అబద్ధమాడితే చాలదు. నమ్మించి, వంచించి ఎదుటివాడి సొత్తు రాబట్టాలి. అదీగాక దగా చేయాలన్న బుద్ధి మొదట్లోనే ఉండాలి. అప్పు తీసుకుని ఎగ్గొట్టినంత మాత్రాన మోసం కేసు నిలవదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి.

ఈ సూక్ష్మం మా బావమరిదికి ఎవరో ప్లీడరు చెప్పినట్టున్నాడు. బాకీ సంగతి కదిపితే ఎంతో నిబ్బరంగా, “తీసుకున్న రోజు ఇచ్చేద్దామనే గట్టిగా అనుకున్నాను బావా. ఆ ఉద్దేశం తర్వాతే సడలింది” అన్నాడు. చట్టం అతని వైపే ఉంది. మా ఆవిడ సరేసరి.