అయిదు నిండినవాడు

2019 వానాకాలం. చోడవరం అప్పటికింకా విశాఖ జిల్లాలోనే ఉంది. గోవాడ పంచదార మిల్లుకు చెరకు తోలే ఒక ఊళ్ళోకి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అమ్మాయిలు ఇద్దరు దిగారు. ఒకమ్మాయి చేతిలో ట్యాబు. రెండో అమ్మాయి భుజాన ఎత్తు కొలిచే బద్ద, బరువు మిషను. వీళ్ళు ఊరంతా తిరగరు. ముందే చీటీ పడ్డ ఇరవై రెండు ఇళ్ళు చూసుకుని పోతారు. రాష్ట్రం మొత్తానికీ అలాంటి ఇళ్ళు 11,346. రాష్ట్రంలో పేద పిల్లలెంతమంది అన్న అంచనా కూడా వీటిమీదే కడతారు. అంటే ఒక్కో ఇల్లు వెయ్యికి పైగా ఇళ్ళ తరఫున జవాబు చెప్పినట్టు. ఆ సంగతి ఇంటివాళ్ళకి తెలిస్తే ఎంత గీర పోదురో!

చీటీ పడ్డ ఓ తాటాకింట్లో ముగ్గురే ఉన్నారు: తాత, మామ్మ, మనవడు. కొడుకూ కోడలూ తాపీ పనికని హైదరాబాదు పోయి ఆర్నెల్లయింది. అక్కడున్నవాళ్ళు ఇక్కడి లెక్కలోకి రారు.

మనవడు గడపలో నిలబడి బెల్లం ముక్క చప్పరిస్తున్నాడు. చొక్కా మోకాళ్ళు దాటింది. మూడేళ్ళుంటాయేమో అనుకుని రెండో అమ్మాయి బద్ద బిగించేసింది కూడా.

“వీడికెన్నేళ్ళు మామ్మా?”

“అయిదు నిండిపోనాయి తల్లీ. ఒకటో తరగతిలో ఏసీసినాం.” ఆధార్ కార్డు తెచ్చి చూపించింది. అందులోనూ అంతే ఉంది.

ఎత్తూ బరువూ చూసేది అయిదేళ్ళ లోపువాళ్ళకే. అమ్మాయి బద్ద విప్పి సంచిలో పెట్టేసింది. ఆడవాళ్ళని నలభై తొమ్మిదేళ్ళ వరకే తూస్తారు, మామ్మ ఎప్పుడో దాటేసింది. మగవాళ్ళకి యాభై నాలుగు, తాతా దాటేశాడు. ఆ ఇంట్లో ఆకలిని కొలవడానికి ఒక్క ఒళ్ళూ దొరకలేదు.

దొరక్కపోతే ఏమవుతుంది? నీతి ఆయోగ్ బహుముఖ పేదరికాన్ని లెక్కగట్టేది ఈ సర్వేతోనే. కొలవదగ్గ మనిషి లేని ఇంట్లో పోషకాహార లోపం లేనట్టే రాసుకుంటారు. చదువుకొస్తే, ఇంట్లో ఒక్కరు ఆరేళ్ళు చదివి ఉంటే చాలు. తాత ఏనాడో ఏడో తరగతి గట్టెక్కాడు. ఆ చదువు ఆయనకి మిల్లులో సీజను కూలి తప్ప ఇంకేమీ ఇప్పించలేదు గానీ, ఇన్నాళ్ళకి రాష్ట్రానికి అక్కరకొచ్చింది. పిల్లాడు బళ్ళో ఉన్నాడు. కరెంటు బల్బుంది, బోరు నీళ్ళున్నాయి, బ్యాంకు పుస్తకం ఉంది. గ్యాసు పొయ్యి లేదు, మరుగుదొడ్డి లేదు, గట్టి కప్పు లేదు, ఫోను తప్ప సామాను లేదు. ఒక్కో లేమికి ఇరవై ఒకటో వంతు. అలాంటివి నాలుగు. మొత్తం మూడో వంతుకి చేరితేగానీ పేద ఇల్లనిపించుకోదు. ఇక్కడ అయిదో వంతు కూడా నిండలేదు. పేద ఇల్లు కాదు గనక అందులో పిల్లాడూ పేద పిల్లాడు కాడు.

2023 జూలైలో నీతి ఆయోగ్ నివేదిక వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 11.77 శాతం నుంచి 6.06 శాతానికి దిగారు. ఆ సర్వేలోనే, వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 31.2 శాతం. అంతకు ముందు సర్వేలో 31.4. పేదరికం సగానికి విరిగింది, పిల్లలు మాత్రం వీసమెత్తు సాగలేదు!

ఆవేళ సర్వే అమ్మాయిలు సందు మళ్ళగానే పక్కింటావిడ వచ్చింది.

“ఏటప్పా, మీ బుల్లోడికి అయిదెప్పుడు నిండినాయి? మా గుంటా ఆడూ ఒక్క నెల్లోనే గదా పుట్టినారు. దానికి మొన్నే నాలుగెళ్ళినాయి.”

“నాలుగే,” అంది మామ్మ గొంతు తగ్గించి. “ఒకటో తరగతిలో పేరుంటేనే అమ్మఒడి పదిహేనేలు ఒస్తాయన్నారు. ఏడాది పైన కలిపి రాయించీసినాం. పేదోళ్ళ పిల్లలకని ఇచ్చే డబ్బులే, ఎలా ఒదులుకుంటాం?”