అవిసె నూనెపై ఒక గృహస్థు మొర

బెంగళూరు మెట్రో పర్పుల్ లైను మా కాడుగోడిలో ఆగిపోతుంది. మా అబ్బాయి ఆరోగ్యజ్ఞానానికి మాత్రం ఆఖరి స్టేషను లేదు. మొన్న ఆఫీసు నుంచి వస్తూ ఒక సీసా తెచ్చి టీవీ పక్కన ప్రతిష్ఠించాడు.

"నాన్నా, మనం చేపలు తినం కదా. ఒమేగా-3 ఒంట్లో తయారవదు, తిండితోనే రావాలి. రోజుకొకటి వేసుకో."

అరవై ఎనిమిదేళ్లు ఒమేగా సంగతి తెలియకుండా ఎలా బతికానో నాకే ఆశ్చర్యమేసింది.

లోపలున్నది అవిసె నూనె. గోళీ తేనెరంగులో చింతగింజంత ఉంటుంది. నాలుగు రోజులు మంచినీళ్లు పోసి గొంతులోంచి కిందికి తోశాను. అయిదోనాడు పంటికింద పడి చిట్లింది. ఆ వాసన నాకు తెలుసు! ప్రొద్దుటూరులో క్రికెట్ ఆడే రోజుల్లో కొత్త బ్యాటుకు పాత బనీను గుడ్డతో రుద్దిన లిన్‌సీడ్ ఆయిల్ అది. గాలి తగిలితే ఆరి గట్టిపడుతుంది కనకే దాన్ని పెయింట్లలో కలుపుతారు. బ్యాటు పగలకుండా రాసేదాన్ని గుండె పగలకుండా నాకు పట్టిస్తున్నారన్నమాట.

పోనీ, పనిచేస్తుందా? కొంచెం. చేపల్లో ఉండే రకంగా దీన్ని మార్చుకోవడంలో మన ఒళ్లు మహా బద్ధకస్తురాలు. మెదడుకు కావలసిన డీహెచ్ఏ దగ్గరికొచ్చేసరికి దాదాపు చేతులెత్తేస్తుంది. ఆ మాటకొస్తే చేపకూ అది సొంత సంపాదన కాదు, సముద్రపు నాచు పెట్టిన భిక్ష. ఇంత పాండిత్యం ఒలకబోశాక మావాడు "అయితే నాచు నూనె గోళీలు కూడా తెస్తాలే" అన్నాడు. నాలుక కరుచుకున్నాను.

ఇక లెక్క. వెయ్యి మిల్లీగ్రాముల గోళీలో అసలు సరుకు అటూఇటుగా అర గ్రాము. కిరాణా కొట్టు అవిసె గింజలు పది గ్రాములు పొడి కొట్టి తింటే రెండు గ్రాముల పైమాటే, పీచు కొసరు. (పొడి కొట్టకుండా మింగితే వచ్చినవి వచ్చినట్టే వెళ్లిపోతాయి.) పక్కింటి ధారవాడ ఆవిడ వాటినే వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లితో దంచి, అగసి చట్నీపుడి అంటూ గిన్నెడు పంపింది. జొన్నరొట్టెలోకి అమృతం. ఆ మాటే ఇంట్లో అంటే, "ఆవిడేమైనా డాక్టరా?" అంది మా ఆవిడ.

నిన్న మనవడు కొత్త బ్యాటు తెచ్చుకున్నాడు. నాలుగు గోళీలు గుండుసూదితో పొడిచి, బాల్కనీలో కూర్చుని తీరిగ్గా పట్టించాను. రాత్రి మా ఆవిడ సీసా లెక్కపెట్టింది.

"నాలుగు తగ్గాయి. ఒకేసారి వేసుకున్నారా?"

"ఊఁ" అన్నాను.

"చూశారా, మొహంలో అప్పుడే కళొచ్చింది."