నర్సింగ్ హోమ్ లైసెన్సులు: పది ఫ్రేముల గోడ, లావుపాటి ఫైలు

డాక్టరు గారూ, మేడమ్ గారూ! ఇద్దరూ పీజీలు పూర్తి చేశారు. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఇరవై పడకల నర్సింగ్ హోమ్ పెట్టాలనుకుంటున్నారు. సంతోషం. వైద్యం మీకు వచ్చు, ఫైలు కట్టడం రాదు. ఆ లోటు తీర్చడానికే ఈ గైడు. ఇందులో చెప్పినట్టు నడుచుకుంటే, తనిఖీకి వచ్చినవాళ్లు మీరిచ్చిన కాఫీ చల్లారకముందే సంతకం పెట్టి లేస్తారు.

మొదట గోడ సంగతి చూడండి. రిసెప్షన్ వెనకాల వెంకటేశ్వరస్వామి పటానికి అటూ ఇటూ పది ఫ్రేములకి చోటు వదలండి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, ఫైర్ ఎన్‌వోసీ, పొల్యూషన్ బోర్డు ఆథరైజేషన్, స్కానింగ్ మిషన్‌కి ఫారం-బి, ఎక్స్‌రేకి ఏఈఆర్‌బీ లైసెన్సు, మందుల షాపుకి డ్రగ్ లైసెన్సు, ఇలా అన్నీ అక్కడే ఉండాలి. ఆసుపత్రి రిజిస్ట్రేషన్ ఆంధ్రలో 2002 నాటి రాష్ట్ర చట్టం కింద, తెలంగాణలో 2010 నాటి కేంద్ర చట్టం కింద. ఎక్కడైనా దారి డీఎంహెచ్‌వో ఆఫీసు మీదుగానే. ఫ్రేము కట్టేవాడికి కింది పట్టీ కాస్త వెడల్పుగా వేయమని చెప్పండి. గడువు తేదీ సాధారణంగా అక్కడే ఉంటుంది.

తర్వాత కన్సల్టెంటు. ఈయన లేకుండా అడుగు వేయకండి. ఒక్కో శాఖకి ఒక్కో వెబ్‌సైటు, ఒక్కో పాస్‌వర్డు. ఒకే బిల్డింగ్ ప్లాను అన్నిచోట్లా మళ్లీ మళ్లీ ఎక్కించాలి. ఓపీ మధ్యలో ఓటీపీలు వస్తుంటాయి. ఆ మాటకొస్తే, నిజాయితీగా నడుపుకుందామనుకునే చిన్న డాక్టరుకి ఇది పెద్ద హింసే. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికి దీనికోసం ఒక డిపార్టుమెంటే ఉంటుంది, మీకు ఉన్నది కాంపౌండరు ఒక్కడే. కన్సల్టెంటు గారి దగ్గర ఇన్ఫెక్షన్ కంట్రోల్ మాన్యువల్ రెడీమేడ్‌గా దొరుకుతుంది. ఇంకో ఊరి ఆసుపత్రి కోసం రాసినదాంట్లో పేరు మార్చి ఇస్తారు. మీ దగ్గర లేని క్యాథ్ ల్యాబులో పాటించాల్సిన జాగ్రత్తలు కూడా అందులో ఉంటాయి. పద్నాలుగో పేజీలో పాత ఆసుపత్రి పేరు అలాగే మిగిలిపోవచ్చు. ఫర్వాలేదు, పదమూడో పేజీ దాటినవాళ్లు ఇంతవరకూ లేరు. కమిటీ మీటింగుల మినిట్స్ ఏడాదివి ఒకే సిట్టింగులో రాసేయొచ్చు. కాకపోతే నెలకో పెన్ను మార్చండి.

ఫార్మసిస్టు మాట రెండు ముక్కల్లో: సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది, మనిషి హైదరాబాదులో ఇంకో ఉద్యోగంలో ఉంటాడు, నెలనెలా అద్దె అకౌంటులో పడుతుంది.

చెత్త దగ్గరికి వద్దాం. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం రంగులు నాలుగు. రక్తం అంటిన దూదీ, కట్లూ పసుపు సంచిలోకి. సెలైన్ బాటిళ్లు, ట్యూబులు, గ్లవుజులు ఎరుపులోకి. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి. గాజు సీసాలు నీలంలోకి. నలభై ఎనిమిది గంటలు దాటి నిలవ ఉంచకూడదు, సంచులకి బార్‌కోడ్ ఉండాలి. ఇదంతా వివరించే చార్టు ఒకటి కొని డబ్బాల పైన అంటించండి. ఇంగ్లిషుదే కొనండి. ఆ డబ్బాల్లో చెత్త వేసే ఆయమ్మకి ఇంగ్లిషు రాదు కనుక చార్టు ఎప్పటికీ నలగదు. సెలైన్ బాటిళ్ల విషయంలో మాత్రం తొందరపడకండి. ప్లాస్టిక్ కేజీల లెక్కన కొనేవాడు వెనక గేటు దగ్గరికి వస్తాడు. ఎరుపు సంచి బరువు ఎందుకు తగ్గిందని ఎవరైనా అడిగితే, ఈ నెల పేషెంట్లు తక్కువండీ అనాలి. చెత్త ఎత్తేవాళ్లకి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని కూడా నిబంధన ఉంది. రిజిస్టరులో టిక్కు పెడితే నొప్పి ఉండదు. సూది గుచ్చుకున్న ఆయమ్మ చెప్పదు కూడా, పని పోతుందని.

స్కానింగ్ గదిలో మాత్రం జాగ్రత్త. లింగ నిర్ధారణని నిషేధించే 1994 పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ప్రతి గర్భిణి స్కానింగుకీ ఒక ఫారం-ఎఫ్ ఉండాలి. అడ్రసు, ఉన్న పిల్లల్లో మగ ఎందరు ఆడ ఎందరు, పంపిన డాక్టరు ఎవరు, ఎందుకు పంపారు, ఆవిడ సంతకం, మీ సంతకం. నెల రిపోర్టు తర్వాతి నెల 5వ తేదీలోగా అందాలి. రాతలో లోపం కనిపిస్తే చట్టం దాన్ని అసలు నేరం కింద జమకడుతుంది. కాదని నిరూపించుకునే బాధ్యత మీదే. గైనకాలజిస్టుల సంఘం సుప్రీంకోర్టుకి వెళ్లినా 2019లో కోర్టు ఆ నిబంధననే సమర్థించింది. తలుపు మూసిన గదిలో జరిగినదానికి ఆ కాగితం తప్ప సాక్ష్యం లేదు కదా! అందుకని మా సలహా: తల్లి సంతకం ఖాళీ ఫారం మీద ముందే తీసుకోండి. మిగతా గడులు రాత్రి తీరిగ్గా రిసెప్షన్ అమ్మాయి నింపుతుంది, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ పెట్టండి. చట్టం ప్రతి కూడా అడిగినవాళ్లకి చూపించేలా ఉంచాలి. బీరువాలో ఉంచి తాళం వేయండి, అడిగినప్పుడు చూద్దాం. మాటలతోనే కాదు, సైగలతో చెప్పినా నేరమేనని ఆ చట్టంలో స్పష్టంగా ఉంది. అయినా మిఠాయి పేర్లతో కబురు చేరవేసే ఘనులు కొందరున్నారు. వాళ్ల ఫారాల్లో ఒక్క గడి ఖాళీ ఉండదు. గడి వదిలేసి దొరికేది, ఎనిమిది గంటలు ఊపిరాడకుండా స్కానింగులు చేసి అలిసిపోయిన అమాయకుడే.

నిప్పు గురించి భయపెట్టేవాళ్ల మాట వినకండి. ఇల్లుగా కట్టిన మేడని ఆసుపత్రి చేశాక రెండో మెట్ల దారి ఎక్కడినుంచి వస్తుంది? వెనక ఇనుప మెట్లు వేయించి ఎన్‌వోసీ తెచ్చుకోండి. ఆనక ఆ తలుపుకి తాళం పెట్టండి, బిల్లు కట్టకుండా పేషెంట్లు పారిపోతారని కారణం ఉండనే ఉంది. ఎర్ర సిలిండర్ మెడలో దారంతో వేలాడే కార్డు మీద తేదీ పాతబడితే కార్డుని గోడ వైపు తిప్పండి. సెల్లారుని ప్లానులో పార్కింగు అని చూపించి, పాత పరుపులు, రికార్డులు, అట్టపెట్టెలు అక్కడ పడేయండి. కోల్‌కతా ఏఎంఆర్ఐ ఆసుపత్రిలోనూ పార్కింగుకి ఉద్దేశించిన బేస్‌మెంటునే స్టోరుగా వాడారు. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున అక్కడ అంటుకుంది. పొగ పైఅంతస్తులకి ఎగబాకింది. తొంభై మందికి పైగా పోయారు, ఎక్కువమంది మంటకి కాదు, పొగకే. మన విజయవాడలో కోవిడ్ సెంటరుగా మార్చిన హోటల్లో 2020 ఆగస్టు 9న పదిమంది పోయారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా నెలరోజులు తనిఖీలు గట్టిగా జరుగుతాయి. ఆ నెల ఊరు వెళ్లండి.

ఆఖరుగా రెన్యువల్. గడువు దాటితే కంగారొద్దు, దరఖాస్తు రసీదు చూపిస్తే సరిపోతుందని అందరూ అంటారు. ఢిల్లీ వివేక్ విహార్‌లో నవజాత శిశువుల ఆసుపత్రి ఒకటి ఉండేది. అనుమతి అయిదు పడకలకి. లైసెన్సు 2024 మార్చి 31తో ముగిసింది. మే 25 రాత్రి మంటలు లేచేసరికి లోపల అయిదుగురి కంటే చాలా ఎక్కువమంది పసికందులున్నారు.

డాక్టర్లకి చెప్పాల్సింది అయిపోయింది. ఈ గైడు పేషెంటు బంధువుల చేతికి చిక్కితే వాళ్లకో మాట: ఈసారి మీవాళ్లని ఎక్కడైనా చేర్చినప్పుడు అడ్వాన్సు కట్టేముందు వెనక మెట్ల తలుపు ఒకసారి తోసి చూడండి. తెరుచుకోకపోతే, తాళంచెవి ఎవరి దగ్గరుందో రిసెప్షన్‌లో గట్టిగా అడగండి.