ఒక బార్నకిల్ ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్న జీవి ఉత్తర అట్లాంటిక్ తీరాల్లో, ఆటుపోట్ల మధ్య మునిగి తేలే రాళ్ల మీద కాపురం చేసే సెమీబాలనస్ బాలనాయిడిస్ అనే బార్నకిల్. ఆరు సున్నపు పలకల గోడల మధ్య కదలకుండా పడి ఉంటుంది కనుక చాలాకాలం పాటు పండితులు దీన్ని నత్తలు, ఆల్చిప్పల కోవలో లెక్కించారు. ఐర్లండ్‌లోని కార్క్‌లో పనిచేసిన సైనిక వైద్యుడు జాన్ వాన్ థాంప్సన్ బార్నకిళ్ల పిల్లదశను పరిశీలించి, 1830లో ఆ వివరాలు ప్రకటించిన తరువాతే ఇవి రొయ్యలకూ పీతలకూ దాయాదులని తెలిసింది.

శీతాకాలమంతా కన్నజీవి గూటిలోనే పెరిగిన పిండాలు, సముద్రంలో సూక్ష్మ శైవలాలు విస్తరించే వసంతవేళకు నాప్లియస్ అనే ఈదే లార్వాలై బయటపడతాయి. ఆ శైవలాలను తింటూ ఆరు నాప్లియస్ దశలు గడిపిన లార్వా, సుమారు ఒక మిల్లీమీటరు పొడవుండే సిప్రిడ్‌గా మారుతుంది. సిప్రిడ్ ఏమీ తినదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగిపోయేలోగా తగిన చోటు వెతుక్కోవడమే దాని ఏకైక పని. ఒకసారి అంటుకుంటే మళ్లీ లేచే వీలు లేదు కాబట్టి అది తొందరపడదు: తల ముందున్న రెండు స్పర్శశృంగాల కొనలనే పాదాలుగా చేసుకుని, రాతిని తడుముతూ, నచ్చకపోతే వదిలి ఈదిపోతుంది.

ఆ తడుములాటలో అది వెతికేది ముఖ్యంగా తన జాతివారి జాడ. బార్నకిల్ ఉభయలింగి అయినప్పటికీ ఈ జాతికి ఇరుగుపొరుగుతో సంకరం తప్పనిసరి, పైగా కదలలేని జీవి కనుక సాచిన జననాంగానికి అందే దూరంలో మరొకటి ఉండి తీరాలి. ఒంటరిగా స్థిరపడిన దానికి ఆయుష్షు ఉండవచ్చు గాని సంతానం ఉండదు. ఈ జాడ ఏమిటో పరిశోధించిన డి. జె. క్రిస్ప్, పి. ఎస్. మెడోస్ పెద్ద బార్నకిళ్ల నుంచి తీసిన ప్రోటీన్ సారం రాతి ఉపరితలానికి పొరలా పట్టినప్పుడు సిప్రిడ్లను నిలబెట్టగలదని 1960ల తొలినాళ్లలో చూపారు. అంటే సిప్రిడ్ ఆ సంకేతాన్ని దూరం నుంచి వాసన పట్టడం కంటే, రుచి చూసే నాలుకలా, తాకి గుర్తిస్తుందన్నమాట. తరువాత జపాన్ పరిశోధకులు ఆంఫిబాలనస్ ఆంఫిట్రైట్ అనే మరో జాతి నుంచి ఇటువంటి ప్రోటీన్ సముదాయాన్ని వేరుచేశారు; దాని జన్యువును చదివిన 2006 నాటి అధ్యయనం, అది జంతువుల రోగనిరోధక వ్యవస్థలో కనిపించే ఆల్ఫా-2-మాక్రోగ్లోబులిన్ అనే ప్రోటీన్‌కు బంధువని తేల్చింది.

మరో విశేషం, ఈ సంకేతం పెద్దల గోడలకే పరిమితం కాదు. రాయి మీద నడిచిన సిప్రిడ్ తన పాదాల నుంచి కొద్దిపాటి జిగురును అడుగుజాడలుగా వదిలిపోతుంది. అందులోనూ ఆ ప్రోటీన్ ఉండటం వల్ల, ఒక సిప్రిడ్ అక్కడ స్థిరపడకుండా ఈదిపోయినా, వెనుక వచ్చినదాన్ని ఆ జాడ ఆకర్షిస్తుంది. అయితే గుంపు అంటే కిక్కిరిసిపోవడం కాదు: సిప్రిడ్ పొరుగువాటికి కొంత ఎడం ఉంచి చోటు ఎంచుకుంటుంది, ఎందుకంటే అందుకు మించి ఇరుకైతే పలకలు పక్కలకు విస్తరించే వీలులేక నిలువుగా సాగి, అలల తాకిడికి ఊడిపోతాయి.

చోటు నచ్చగానే సిమెంటు గ్రంథులు స్రవించే గట్టి జిగురుతో తల రాతికి అంటుకుపోతుంది, అప్పటిదాకా దారి చూపిన సంయుక్త నేత్రాలు రాలిపోతాయి, ఆరు పలకలు లేస్తాయి, కాళ్లు ఇకపై నీటిని దేవి ఆహారం పట్టే వలగా మాత్రమే మిగులుతాయి. ఈ కథ చెప్పుకుంటున్న బార్నకిల్ కూడా ఇలాగే స్థిరపడినది. వచ్చే వసంతంలో ఈదివచ్చే సిప్రిడ్లు తాకి చూసే జాడల్లో దీని గూటి గోడ కూడా ఒకటి.