మా ఈస్టర్ మామయ్య

ప్రతి చర్చిలోనూ ఒక ఈస్టర్ మామయ్య ఉంటాడు. మావాడు విద్యానగర్‌లో ఉంటాడు. క్రిస్మస్‌ను ఆయన పట్టించుకోడు. స్టార్లు కట్టడానికీ కేకులు కోయడానికీ దానికి ఊరంతా ఉందట. దిక్కులేనిది ఈస్టరేనని ఆయన బాధ.

ఆ బాధ జనవరిలోనే మొదలవుతుంది. చర్చి క్యాలెండర్లో తేదీ అచ్చయ్యే ఉంటుంది. అయినా నమ్మడు. వెంకట్రామా క్యాలెండరు దించి, మార్చి 21 నుంచి పౌర్ణమి కోసం వెతికి, ఆ తర్వాతి ఆదివారానికి ఎర్ర సిరాతో సున్నా చుడతాడు. "మార్చి 22కి ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు" అని కూరగాయలబ్బాయికి కూడా చెబుతాడు.

శ్రమల కాలంలో మాంసం ముట్టడు. ముట్టడం లేదన్న సంగతి మాత్రం ఎవరినీ మరిచిపోనివ్వడు. గుడ్డు కథ కూడా అప్పుడే వినాలి: "పాతకాలం యూరప్‌లో ఈ నలభై రోజులూ గుడ్లు నిషేధం. మనుషులు మానేశారు గానీ కోళ్లు మానతాయా? గుట్టలు పడ్డాయి. పండుగనాటికి రంగులేసి పంచుకున్నారు." పచ్చసొన తగ్గించమన్న డాక్టరుకు తార్నాకలోని పోషకాహార సంస్థ వైపు వేలు చూపిస్తాడు, వాళ్లు ఈయనకు చీటీ రాసిచ్చినట్టు.

ఏటా ఒక దేశపు ఆచారం దిగుమతి అవుతుంది. వైట్‌హౌస్ పచ్చికలో 1878 నుంచి పిల్లలు గుడ్లు దొర్లిస్తుంటే, మన ఆర్ట్స్ కాలేజీ దగ్గర కనీసం దాచి వెతికించకపోతే ఎట్లా అన్నాడొకసారి. ఉల్లిపొట్టుతో ఎర్రవి, పసుపుతో పచ్చవి ఉడకబెట్టి, తెల్లవారకముందే క్యాంపస్ చెట్ల మొదళ్లలో పెట్టాడు. పిల్లలకంటే ముందు వాకింగ్ వాళ్లొచ్చారు. చెట్టు కింద పసుపు రాసిన కోడిగుడ్డు చూసి ఎవరో చేతబడి చేశారనుకుని అటువైపు నడకే మానేశారు. గుడ్లు కుక్కలు తిన్నాయి.

మరో ఏడు పోలండు వంతు. ఈస్టర్ మర్నాడు అక్కడ ఒకరిమీద ఒకరు నీళ్లు గుమ్మరించుకుంటారు. మామయ్య బకెట్ నింపేసరికి అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నిన్న ట్యాంకరుకు డబ్బులిచ్చింది నేను. పోలండు వాళ్లనొచ్చి పోయమనండి."

పండుగ తెల్లవారుజామున మాత్రం ఆయన్ను భరించాల్సిందే. మూడింటికే ఫోన్ మోగుతుంది. "క్రీస్తు లేచెను!" "నిజముగా లేచెను" అనాలి. మా తమ్ముడు "మేమింకా లేవలేదు మామయ్యా" అని పెట్టేస్తాడు. అయినా అందరం నారాయణగూడ సమాధుల తోటకు చేరుకుంటాం. మనవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించాక మామయ్య మాయమవుతాడు. వెతికితే, ఎవరూ రాని సమాధుల దగ్గర వంగి ఆకులు ఊడుస్తూ, సంచీలోంచి తలా ఒక కొవ్వొత్తి తీసి పెడుతుంటాడు. "వాళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారేమోరా" అంటాడు. వాళ్లెవరో ఆయనకు తెలియదు.

అలా మెత్తబడ్డామా, టిఫిను దగ్గర కొత్త పథకం బయటికొస్తుంది. గ్రీసులో కోర్ఫూ అనే దీవి ఉందట. పండుగ ముందు శనివారం బాల్కనీల్లోంచి మట్టికుండలు కిందికి విసిరి పగలగొడతారట. మాది నాలుగో అంతస్తు, బాల్కనీ రోడ్డువైపే. వాచ్‌మన్ అప్పుడే పైకొచ్చి అడిగిపోయాడు: "సార్, కుండల సంగతి సరే, ఊడ్చేటోళ్లు కూడా గ్రీసు నుంచే వస్తరా?"