పరమాణువు నిర్దోషి

పాత సెల్ టవర్ల సామాను తుక్కు కింద తూచి అమ్మేటప్పుడు అందులోంచి అరచేతి వెడల్పు లోహపు డబ్బా ఒకటి బయటపడుతుంటుంది. పేరు రుబీడియం ఓసిలేటర్. జీపీఎస్ సంకేతం అందని వేళ కూడా టవర్‌కి టైము తప్పకుండా చూడటం దాని ఉద్యోగం. రిటైరయ్యాక ఆన్‌లైన్ అంగళ్లలో చవగ్గా దొరికి, హామ్ రేడియో వాళ్ల బల్లల మీదికీ ఎలక్ట్రానిక్స్ పిచ్చివాళ్ల బల్లల మీదికీ చేరుతుంది. వాళ్లు కరెంటిస్తారు. అది లాక్ అవదు. క్షణాల్లో తీర్పు వెలువడుతుంది: "లోపల రుబీడియం అయిపోయుంటుంది." ఈ తీర్పు మీద నాది అప్పీలు. ఆ డబ్బాలో అందరికన్నా చివర అనుమానించాల్సింది పరమాణువుని. మొదట అనుమానించాల్సింది డబ్బా బయట ఉన్న మనల్నీ, మన అడాప్టర్నీ.

పరమాణువు చేసే పని తెలిస్తే దానిమీద నేరం మోపడానికి మనసొప్పదు. లోపల చిన్న రుబీడియం దీపం వెలుగుతుంది. ఆ వెలుగు రుబీడియం ఆవిరి ఉన్న గాజు బుడ్డిలోంచి అవతలి ఫోటో డయోడ్ మీద పడుతుంది. బుడ్డికి అందించే మైక్రోవేవ్ 6,834.68 మెగాహెర్ట్జ్ దగ్గర సరిగ్గా కుదిరినప్పుడు ఆవిరి ఇంకాస్త ఎక్కువ వెలుగు మింగుతుంది, డయోడ్‌కి అందేది ఓ పిసరు తగ్గుతుంది. ఆ పిసరుని పట్టుకుని సర్క్యూట్ ఓ క్వార్ట్జ్ స్ఫటికాన్ని చెవి మెలేసి దారిలో పెడుతుంది, లాక్ అవడమంటే ఇదే. అంటే బయటికొచ్చే 10 మెగాహెర్ట్జ్ స్ఫటికం కష్టార్జితమే. "ఇది కాదు, ఇదీ కాదు, ఆఁ ఇదే" అని చెప్పడం వరకే పరమాణువు పని. స్ఫటికానికి ముసలితనం వస్తుంది, కెపాసిటర్ ఎండిపోతుంది, సోల్డరు పగులుతుంది. 1861లో బున్సెన్, కిర్కాఫ్ హైడెల్‌బర్గ్‌లో రుబీడియాన్ని కనిపెట్టిన నాటికీ నేటికీ దాని పరమాణువు స్వభావంలో మాత్రం వీసమెత్తు మార్పు లేదు.

ఇక అసలు ముద్దాయి, పవర్ సప్లై. ఎక్కువగా దొరికే రకాల్లో ఎల్‌పీఆర్‌ఓ-101 అనేది 19 నుంచి 32 వోల్టుల దాకా తీసుకుంటుంది, 24 ఇస్తే సంతోషిస్తుంది. ఎఫ్‌ఈ-5680ఏ అనేదానికి 15 నుంచి 18 చాలు. దానికిచ్చేది దీనికిస్తే ఏమవుతుందో ముక్కే చెబుతుంది. పైగా 5680ఏ అని పైన రాసి ఉన్నవన్నీ లోపల ఒకటి కాదు. కొన్నింటికి విడిగా 5 వోల్టులు కూడా కావాలి, కొన్నింటికి అక్కర్లేదు. ఎల్‌పీఆర్‌ఓ ఆకలి సంగతి ఇంకో కథ. సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడిలా మొదట్లో 1.7 ఆంపియర్ల దాకా లాగుతుంది. దీపాన్నీ బుడ్డినీ వేడిగా ఉంచే ఓవెన్లు వేడెక్కాక అర ఆంపియరుతో సరిపెట్టుకుంటుంది. ఇప్పుడు మనవాడి తెలివి చూడండి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ ఉంది, దాని మీద 19 వోల్టులని రాసుంది, కనీసపు హద్దూ 19 వోల్టులే, ఇంకేం కావాలి? మల్టీమీటర్ పెడితే 19 చూపిస్తుంది కూడా, డబ్బా తగిలించకముందు. తగిలించాక గజం పొడవు సన్న తీగలో అర వోల్టు ఆవిరైపోతుంది. రుబీడియం ఆవిరవ్వాల్సింది పోయి వోల్టులు ఆవిరవుతున్నాయి. డబ్బా నడుస్తుండగా దాని పిన్నుల దగ్గరే కొలిచి ఉంటే ఈ కేసు కోర్టుదాకా వచ్చేది కాదు.

రెండో ముద్దాయి వేడి. రుబీడియం 39.3 డిగ్రీలకే కరుగుతుంది, అంటే మే నెల మధ్యాహ్నం రెంటచింతలలో దానికి పొయ్యి అక్కర్లేదు. అలాగని మన ఎండలు దానికి మేలు చేస్తాయనుకోకూడదు. లోపలి ఓవెన్లు వేడి చెయ్యగలవు గానీ చల్లబరచలేవు. అడుగుపలకని అల్యూమినియం దిమ్మకి బిగించకుండా ప్లాస్టిక్ పెట్టెలో మూసిపెడితే ఉష్ణోగ్రత అదుపు తప్పుతుంది, ఆయుష్షూ తగ్గుతుంది. టవర్‌లో అది ఒంటరిగా లేదు, దానికో లోహపు గోడ ఉండేది. ఆ గోడ ఊడబెరికి అమ్మినవాడు ఆ సంగతి చెప్పడు.

"దీపం అరిగిపోవడం మాటేమిటి, అది రుబీడియం జబ్బే కదా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఎల్‌పీఆర్‌ఓలో దీపం వోల్టేజి చూపే పిన్ను ఒకటుంది. అది 3 వోల్టుల కిందకి జారితే దీపాన్ని అనుమానించవచ్చు. కానీ అప్పుడు కూడా తరచు జరిగేది రుబీడియం అయిపోవడం కాదు, గాజు గోడకి పేరుకుని వెలుగుకి అడ్డం నిలవడం. బల్బు జాగ్రత్తగా బయటికి తీసి హీట్ గన్‌తో వేడి చేస్తే చాలాసార్లు తేరుకుంటుంది. దీపం బాగానే ఉండి లాక్ కాకపోతే స్ఫటికం పిన్ను చూడండి. అక్కడి వోల్టేజి ఆగకుండా పైకీ కిందికీ ఊగుతుంటే డబ్బా వెతుకుతోందన్నమాట. వయసు మీదపడి స్ఫటికం పక్కకి జరిగిపోతే, ఎంత వెతికినా పరమాణువున్న చోటికి దాని చెయ్యి అందదు. ట్రిమ్మర్ కాస్త తిప్పితే అందుతుంది. అందిందాకా తిట్లు తినేది మాత్రం పరమాణువే.

ఇంకొకరు మన ఉపగ్రహం సంగతి ఎత్తుతారు. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలో మూడు రుబీడియం గడియారాలూ మొరాయించాయి కదా అని. నిజమే. గడియారం చెడదని నేననలేదు, పరమాణువు చెడదన్నాను. అక్కడికి స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లే వీల్లేక ఇంకో ఉపగ్రహాన్ని పంపాల్సి వచ్చింది. మన డబ్బా బల్లమీదే ఉంది.

పెళ్లి ముహూర్తాన్ని ఫొటోగ్రాఫర్ నిర్ణయించే దేశంలో, 600 ఏళ్లకి ఒక్క సెకను తప్పే యంత్రం ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. 10 గిగాహెర్ట్జ్ బ్యాండులో మాట్లాడే హామ్‌ని అడగండి. పదిలక్షల్లో ఒక వంతు తేడా వస్తే అక్కడ 10 కిలోహెర్ట్జ్ తేడా, అవతలివాడు దొరకనే దొరకడు. అందుకని కొనదలచినవాళ్లకి నా మనవి. ముందు 24 వోల్టులు, 3 ఆంపియర్ల మంచి సప్లై, లావుపాటి తీగ, మందమైన అల్యూమినియం పలక కొనండి. ఓసిలేటర్ ఆ తర్వాత కొనొచ్చు.