ఊరికి బాకీ పడండి

జేబులో డబ్బులున్నా సరే, ఊళ్ళో కిరాణం దుకాణంలో ఉద్దెర పెట్టండి. ఫోన్ తీసి అప్పటికప్పుడు స్కాన్ చేసి లెక్క తెంపుకోకండి. ఖాతా రాయించుకుని, జీతాల తారీఖున ముప్పాతిక కట్టి, మిగతాది అట్లాగే ఉంచండి.

అప్పు లేని బతుకే సుఖమని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు. ఒక్క ఇంటి వరకు ఆ మాట బాగానే ఉంటుంది. ఊరికి మాత్రం అది గిట్టదు. ఎవరికీ ఎవరూ బాకీ లేని చోటును బస్టాండు అంటారు, ఊరు అనరు.

ఇక్కడ ఒక సంగతి తేల్చి చెప్పాలి. నేను చెప్పేది వడ్డీ అప్పుల గురించి కాదు. వారం వారం కిస్తీ కట్టలేక ఆడవాళ్ళు పడిన బాధలు చూసే 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద ఆర్డినెన్స్ వచ్చింది. ఆ అప్పు ఊరి బయటి నుంచి వచ్చి, వడ్డీని మోసుకుని మళ్ళీ బయటికే పోతుంది. నేను చెప్పేది చేబదులు గురించి. అది వాడకట్టు దాటి పోదు.

మన ఊరు భానూర్ పేరు బయటివాళ్ళకు తెలిసింది భారత్ డైనమిక్స్ వల్ల. ట్యాంకుల్ని ఛేదించే క్షిపణులు తయారయ్యే చోటు ఇది. చుట్టుపక్కలే ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, పటాన్‌చెరు, పాశమైలారం. ఇన్ని జీతాలు పుట్టే చోట రూపాయి ఒక్క రాత్రి కూడా ఊళ్ళో నిద్ర చేయడం లేదు. పొద్దున ఫోన్‌లో పడుతుంది, సాయంత్రానికి మాల్‌కో ఆన్‌లైన్ డబ్బాకో పోతుంది. ఖాతా ఉన్నవాడు మాత్రం దుకాణం మెట్టు మళ్ళీ ఎక్కక తప్పదు. ఈ నెల కాకపోతే వచ్చే నెల.

మరి దుకాణమామె పెట్టుబడికి ఏం చేస్తుందని అడుగుతారు. పండుగ ముందు సరుకు తెచ్చుకునే రోజుల్లో మీరే ఐదు వేలు ముందు ఇచ్చి, దసరా దాకా సామాను రూపంలో తీసుకోండి. ఒకసారి మీరు ఆమెకు బాకీ, ఒకసారి ఆమె మీకు బాకీ.

పెళ్ళికి క్యాటరింగ్ పిలవకండి. ఖర్చు తగ్గుతుందని చెప్పడం లేదు. పిలిస్తే డబ్బిచ్చేసి ఇంటికొస్తాం, కథ అక్కడితో అయిపోతుంది. పక్కింటి పెద్దమ్మ పప్పు చెరిగి పెడితే, ఆమె మనవరాలి పెళ్ళికి మీరు పందిరి కిందికి పోక తప్పదు. చదివింపుల పుస్తకం ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? మా ఇంట్లో ఉన్న ఒక పుస్తకానికి అట్ట ఊడిపోయింది, లోపలి గీతల కాగితం పసుపు మరకలతో గట్టిపడింది. ఒక పేజీలో యాభై ఒకటి, నూట పదహారు. అదే కుటుంబానికి మేం తిరిగి పెట్టింది చూస్తే నూట పదహారు, రెండు వందల పదహారు. సరిగ్గా అంతే ఇచ్చింది ఎక్కడా లేదు. ఎప్పుడూ కొంచెం ఎక్కువే. సరిసమానం చేస్తే సంబంధం తెగిపోతుందని మన పెద్దలకు తెలుసు.

మన జిల్లాలోనే జహీరాబాద్ పక్కన పస్తాపూర్ ఉంది. అక్కడి డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో పుట్టింది. దాని కింద మహిళా సంఘాలు పనిచేస్తున్నాయి. వాళ్ళ విత్తనాలు ఉండేది ఇళ్ళలోనే. బుట్టల్లో పోసి, బూడిద, వేపాకు కలిపి, పైన మట్టి మెత్తుతారు. విత్తనం తీసుకున్నామె పంట చేతికొచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి ఇవ్వాలి. చదివింపుల లెక్కే ఇది. బీడు భూములు దున్నుకోవడానికి సంఘాలు అప్పిచ్చి, డబ్బుకు బదులు జొన్నలు తీసుకున్నాయి. ఆ జొన్నల్ని పనుల్లేని రోజుల్లో ఊళ్ళోని పేదలకు తక్కువ ధరకు కొలిచాయి. 2019లో వీళ్ళకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 1956లో పుట్టిన ముల్కనూర్ సహకార సంఘంలోనూ అప్పిచ్చేదీ పంట కొనేదీ ఒకే సంఘం, అది కూడా సభ్యులదే. మనకు అంత భూమి మిగల్లేదంటారా? పెరట్లో చిక్కుడు తీగకు చోటుంటే చాలు. ప్యాకెట్ కొనకుండా ఎదురింట్లో నాలుగు గింజలు అడగండి.

బాకీ ఉండమని ఊరివాళ్ళకు చెప్తున్నాను కాబట్టి, ఊరికి రావలసిన బాకీ గురించీ చెప్పాలి. దాన్ని మాఫీ చేయకండి. నక్కవాగు నీళ్ళు కంపెనీల వ్యర్థాలతో పాడైన కేసు 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. పటాన్‌చెరులోనే వైద్యం చేస్తూ డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు దాని వెంట తిరిగారు. లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలకు చెప్పింది, చుట్టుపక్కల ప్రాంతాలకు ముందు పెట్టమనీ చెప్పింది. ఏ కంపెనీ అయినా కమాను కట్టిస్తే దండం పెట్టండి, లెక్క తీరినట్టు మాత్రం రాసివ్వకండి. ఉద్యోగాలు అడగడం కూడా ఆపి చూడండి. క్యాంటీన్‌కు రోజూ పోయే కూరగాయలు, పాలు, పెరుగు మన సంఘాల దగ్గర కొనమనండి. ఉద్యోగం ఒక ఇంటికి వస్తుంది, ఆ ఆర్డర్ వీధి మొత్తానికి వస్తుంది.

ఇక కిరాయి గదుల పిల్లలు. అడ్వాన్సు తీసుకుని, నెల కాగానే కిరాయి లెక్కపెట్టుకుని తలుపేసుకోవడం అలవాటైంది మనకు. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల పరిశ్రమలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. చాలామంది బిహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ వాళ్ళు. కొందరి ఆచూకీ కోసం ఇంటివాళ్ళు రోజుల తరబడి తిరిగారు. మన గదుల్లో ఉండేవాళ్ళ పూర్తి పేరు, ఊరి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

వాళ్ళకు ఉద్దెర ఇవ్వొద్దు, రాత్రికి రాత్రి సామాను సర్దుకుని పోతారని అంటారు. ఇవ్వమనే నేను చెప్తాను. మా వాడకట్టు కిరాణం అవ్వ దగ్గర ఒక ఒడియా పిల్లగాడికి ఖాతా ఉండేది. రోజూ షిఫ్టు దిగి పాల ప్యాకెట్, రెండు గుడ్లు తీసుకునేవాడు. రెండు రోజులు రాలేదు. "పైసలు ఎగ్గొట్టిండనుకున్నవా?" అని నేనంటే, "ఎందుకు ఎగ్గొడ్తడు బిడ్డా, ఏమన్న అయిందేమో" అని పుస్తకం పట్టుకునే గదికి పోయింది. జ్వరంతో లేవలేక పడి ఉన్నాడు. ఆటో పిలిచి దవాఖానాకు తీసుకుపోయింది ఆమే.

నగదు ఇచ్చి కొనుక్కునేవాడైతే రెండు రోజులు రాలేదన్న సంగతి ఎవరికి తెలిసేది?

ఆ పిల్లగాడు తర్వాత వాళ్ళ ఊరు పోయాడు. పోయేటప్పుడు కట్టగా నలభై రూపాయలు మిగిలాయి. పేజీ కింద తన పేరు ఒడియా అక్షరాల్లో రాసిపోయాడు. అవ్వ కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడు పాత బాకీలు అందులోకి ఎక్కించమని నాకు ఇచ్చింది. ఆ పేరు నాకు చదవ రాదు. చూసి, గీత గీత ప్రకారం దించాను. పక్కన నలభై వేశాను.